నూటికి నలుగురు ముట్టుకున్న మృదంగం

నూటికి నలుగురు. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

విశాఖపట్నంలో మా కంపెనీ ఫోన్‌లో ఆడుకునే ఆటలు తయారుచేస్తుంది. పోయినేడాది మేం చేసిన ఆట పేరు స్వరపేట. పాట మోగుతూ ఉంటుంది. తెర మీద పైనుంచి రంగు చుక్కలు రాలుతూ ఉంటాయి. చుక్క వచ్చి గీతని తాకగానే వేలితో తట్టాలి. సమయానికి తడితే మార్కులు, తప్పితే లేవు. అంతే ఆట.

అందులో రెండు మోడ్‌లు. ఒకటి వీణ, ఒకటి మృదంగం. ఆట తెరవగానే రెండు బొమ్మలూ పక్కపక్కనే కనిపిస్తాయి, ఏది కావాలంటే అది నొక్కుకోవచ్చు. వీణ మోడ్ చేసింది రుత్విక్. మృదంగం మోడ్ చేసింది నేను.

ఆడేవాళ్ళలో నూటికి తొంభై ఆరుగురు వీణ నొక్కుతారు. నలుగురు మృదంగం నొక్కుతారు. ఆ నలుగురిలో ముగ్గురు పల్లవి పూర్తి కాకముందే బయటికి వెళ్ళిపోతారు. ప్రతి సోమవారం పొద్దున్న మీటింగులో ఈ అంకెలు పెద్ద తెర మీద వేసి అందరికీ చూపిస్తారు. ఆ పది నిమిషాలూ నేను కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చునేవాణ్ణి.

జనానికి నచ్చలేదులే అనుకుని ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను. ఎందుకంటే రుత్విక్‌కి సంగీతం రాదు. రాదంటే బొత్తిగా రాదు. ఆది తాళానికి ఎన్ని అక్షరాలు అని నన్నడిగి, ఎనిమిది అని చెబితే కాగితం మీద రాసుకున్నాడు. వీణకి ఎన్ని తీగలుంటాయో వెతుక్కుని తెలుసుకున్నాడు. నేనేమో విజయనగరంలో సన్యాసిరావు మేష్టారి దగ్గర పదకొండేళ్ళు మృదంగం నేర్చుకున్నవాణ్ణి. వేళ్ళు వాచిపోయి అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్న రోజులున్నాయి నాకు. అయినా వాడికి తొంభై ఆరుగురు, నాకు నలుగురు.

పోనీ వాడు పొగరుబోతు అయితే హాయిగా తిట్టుకునేవాణ్ణి. ఆ సుఖం కూడా లేకుండా చేశాడు. మధ్యాహ్నం వాళ్ళమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా మూత తీసి, "అన్నా, ముందు నువ్వు వేసుకో" అనేవాడు. వీణ మోడ్ బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే, "తాళం సంగతంతా కామేశన్న చెప్పిందే" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు ఇంకా మండేది. పచ్చడి మాత్రం వేసుకునేవాణ్ణి. బాగుండేది మరి.

అసూయ అని ఇప్పుడంటున్నాను. అప్పుడు ఆ మాట నా నోట రాలేదు. నాకు అన్యాయం జరిగింది, నేను న్యాయం అడుగుతున్నాను అనుకునేవాణ్ణి. ఏడ్చేవాళ్ళంతా అలాగే అనుకుంటారేమో.

ఒక శుక్రవారం సాయంత్రం మా మేనేజరు పిలిచింది.

"కామేశ్, కొత్త వెర్షన్‌లో మృదంగం మోడ్ తీసేద్దామనుకుంటున్నాం. ఉంచాలని నీకుంటే, ఎందుకు ఉంచాలో సోమవారం మీటింగులో చెప్పు," అంది. మెత్తగానే అంది.

ఏడాది పని. అందులో వినిపించే ప్రతి దెబ్బా నా సొంత మృదంగం మీద నేను వాయించి రికార్డు చేసింది. తీసేస్తే, పదకొండేళ్ళు నేర్చుకున్నది ఫోన్ తెర మీద ఒక బొమ్మగా కూడా మిగలదు.

అయితే సోమవారం చెప్పడానికి నా దగ్గర ఒకటుంది. రెండు వారాల ముందే రుత్విక్ వీణ మోడ్‌లో నేనొక తప్పు పట్టుకున్నాను. పాట నాలుగు నిమిషాలు దాటితే చుక్కలు మెల్లమెల్లగా పాట కంటే ముందుకు జరుగుతాయి. చాలా కొంచెం. తాళం తెలిసినవాడి చెవికి తప్ప దొరకదు. ఇప్పుడున్నవన్నీ చిన్న పాటలు కాబట్టి ఎవరికీ తెలియలేదు. కొత్త వెర్షన్‌లో పొడుగు పాటలు వస్తున్నాయి. అప్పుడు ఆడేవాళ్ళు సరిగ్గా తట్టినా తప్పనే చూపిస్తుంది.

వాడికి చెప్పలేదు. రెండు వారాలు వాడి పచ్చడి తింటూనే కడుపులో దాచుకున్నాను. సోమవారం మీటింగులో, అందరి ముందూ, అదే పెద్ద తెర మీద చూపిద్దామని.

తప్పు సిద్ధంగా ఉంది గానీ నాకు ఇంకొకటి కూడా కావాలనిపించింది. ఈ కాలం జనానికి లయ అంటే పట్టదని, చెవులు లేవని, పెద్దవాళ్ళెవరైనా ఒక్కరు నాతో అంటే బాగుండు. అలా అనడానికి మా మేష్టారి కంటే తగినవారెవరు? యాభై ఏళ్ళు ఎందరో గాయకుల పక్కన వాయించారాయన. కచేరీ కాగితం మీద పాడేవాళ్ళ పేరు అరచేయంత ఉండేది, ఆయన పేరు కింద చీమల్లాంటి అక్షరాల్లో ఉండేది. ఆయనకి నాకంటే ఎక్కువ మండుతూ ఉండాలి.

శనివారం పొద్దున్నే బస్సెక్కి విజయనగరం వెళ్ళాను. మేష్టారి గడప తొక్కి రెండేళ్ళయింది.

ఆయన అరుగు మీద కూర్చుని గిన్నెలో బొంబాయి రవ్వ తడిపి పిసుకుతున్నారు. కచేరీ ముందు మృదంగం ఎడమ మూత మీద రవ్వ ముద్ద అతికించాలి, అప్పుడే దానికి గొంతు వస్తుంది. అంటే సాయంత్రం ఆయనకి ఎక్కడో కచేరీ ఉందన్నమాట. డెబ్భై ఆరేళ్ళు ఆయనకి.

"ఏట్రా కామేశం, దారి తప్పావా?" అన్నారు.

"మిమ్మల్ని చూడాలనిపించింది మేష్టారూ."

"అబద్ధం తరవాత ఆడుదువు గాని, ముందు కాళ్ళు కడుక్కునిరా."

కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. ఇక ఆపుకోలేకపోయాను. నూటికి నలుగురు దగ్గర మొదలుపెట్టి, మేనేజరు మాట, రుత్విక్ సంగతి, అన్నీ చెప్పాను.

"వాడికి ఆది తాళం కూడా రాదు మేష్టారూ."

"ఊఁ," అన్నారు, రవ్వ పిసుకుతూ.

"వీణ ముట్టుకుని కూడా ఎరగడు. అందరూ వాడి చుట్టూ తిరుగుతున్నారు."

"మంచివాడేనా?"

ఇదేం ప్రశ్న అనుకున్నాను. "మంచివాడే. అదే కదా నా ఖర్మ."

ఆయన నవ్వలేదు. నేను కొంచెం ముందుకి జరిగి గొంతు తగ్గించాను. "వాడి తప్పు ఒకటి నా దగ్గరుంది మేష్టారూ," అని, చుక్కలు ముందుకి జరిగే సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే ముచ్చటగా ఉంది. ఎంత సన్నని తేడా పట్టుకున్నానో, అది ఆయన నేర్పిన చెవి వల్లనే కదా అని కూడా అన్నాను.

"వాడికి చెప్పావా?"

"సోమవారం చెబుతాను. మీటింగులో, అందరి ముందూ."

ఆయన రవ్వ మీద ఇంకాసిని నీళ్ళు చిలకరించి మళ్ళీ పిసకసాగారు. మెచ్చుకుంటారని ఎదురుచూసి, చూసి, నేనే అడిగాను.

"మృదంగం ఎవరికీ ఎందుకు అక్కర్లేదు మేష్టారూ? జనానికి లయంటే పట్టదా?"

"నాకేం తెలుసు. ఏదీ, ఆ ఆట చూపించు."

ఫోన్ తీసి మృదంగం మోడ్ తెరిచాను. ఎర్ర చుక్క వస్తే కుడివైపు, నీలం చుక్క వస్తే ఎడమవైపు, రెండూ వస్తే రెండువైపులా తట్టాలని చెప్పాను. దాన్ని ఎలా చేశానో కూడా చెప్పాను. ఆ ముక్క చెప్పేటప్పుడు నా గొంతులో గర్వం నాకే వినిపించింది.

"మృదంగం నొక్కగానే పాట చప్పుడు పావు వంతుకి తగ్గిపోతుంది మేష్టారూ. అలా నేనే పెట్టాను. మన వాద్యం ఖంగుమని వినపడాలి కదా. ఎన్నాళ్ళని పాడేవాళ్ళ పక్కన ఒదిగి కూర్చుంటాం? ఎక్కడా ఖాళీ లేకుండా చుక్కలు నింపేశాను. వీణవాడికి ఒక చుక్క వచ్చేసరికి మనకి నాలుగు వస్తాయి."

"సరే," అన్నారు. ఇయర్‌ఫోన్లు ఆయన చెవుల్లో పెట్టాను. ఆట మొదలైంది.

ఆయన తెర కేసి ఒకసారి చూసి కళ్ళు మూసుకున్నారు. ఎప్పుడు వాయించినా అంతే ఆయన. తల కొంచెం పక్కకి వంచారు. దూరంగా ఎవరో పిలిస్తే వింటున్నట్టు ఉంది ఆ వంపు. వేళ్ళు గాలిలోనే ఆగిపోయాయి. మధ్యలో ఒకటి రెండుసార్లు రవ్వ అంటిన వేలితో గాజు మీద తట్టారు, మళ్ళీ ఆగారు, మళ్ళీ తల వంచారు. చుక్కలు బిలబిలా రాలిపోతున్నాయి.

పాట అయిపోయింది. నూటికి పదకొండు మార్కులు. కింద పెద్ద అక్షరాలతో, "ఇంకొంచెం సాధన చెయ్యండి" అని వచ్చింది. ఆ వాక్యం రాసింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. గబుక్కున ఫోన్ తీసేసుకున్నాను.

"కళ్ళు మూసుకుంటే ఎలా మేష్టారూ, చుక్కలు చూడాలి," అన్నాను.

ఆయన ఇయర్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టారు. "ఎవరు పాడార్రా?"

"దేనికి?"

"ఇప్పుడు నేను వాయించినదానికి."

"మా ఆఫీసులోనే ఒక అమ్మాయి పాడింది మేష్టారూ."

"బాగా పాడిందా?"

ఆ పాట మీద ఏడాది కూర్చున్నాను. ఏ దెబ్బ ఎక్కడ పడాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ అమ్మాయి ఎలా పాడిందో మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

"తెలీదు మేష్టారూ."

"సరే. అన్నం తిందాం పద," అన్నారు.

జనానికి చెవులు లేవన్న మాట ఆయన అనలేదు. బస్సు ఛార్జీ దండగ అనుకుంటూ చారన్నం తిన్నాను.

మూడింటికి హైమవతిగారు వచ్చారు. మునిసిపల్ హైస్కూల్లో లెక్కలు చెబుతారావిడ. నలభై దాటాక పాట మీద మనసు పడి, ఎనిమిదేళ్ళు నేర్చుకుని, ఆ సాయంత్రం మొదటిసారి కచేరీ చేయబోతున్నారు. పక్క వీధిలో ఒక చిన్న హాలు, రెండు వందల కుర్చీలు. తన స్కూలు వాళ్ళంతా వస్తున్నారట. ఆ సంగతి చెబుతూ ఆవిడ మంచినీళ్ళు అడిగి తాగారు.

"మేష్టారూ, ఆ కల్యాణి రాగం కీర్తన ఒక్కటి ఇంకోసారి చూసుకుందామండీ. ఎత్తుగడ దగ్గర నాకు గుండె దడ. తాళం దెబ్బ పడ్డాక అర అక్షరం ఆగి ఎత్తుకోవాలని తెలుసు. తెలిసీ ఆగలేను."

"చూద్దాం తల్లీ. వీడు మా కామేశం, మా దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు వీడు వాయిస్తాడు, నా వేళ్ళు సాయంత్రానికి ఉండాలి," అన్నారు మేష్టారు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. సరే, ఫోన్‌లో కాకపోతే ఇక్కడ చూపిస్తాను నేనేంటో అనుకున్నాను. పాత మృదంగం ఒళ్ళోకి తీసుకుని, ఆవిడ శ్రుతికి సరిచేసి, తయారయ్యాను.

మేష్టారు లేచి దేవుడి గూటి దగ్గరికి వెళ్ళారు. వత్తులు చేసుకునే దూది డబ్బా తెచ్చారు. కాస్త దూది తెంపి, రెండు ఉండలు గట్టిగా చుట్టి నా చేతిలో పెట్టారు.

"చెవుల్లో పెట్టుకో."

"ఎందుకు మేష్టారూ?"

"పెట్టుకోరా."

పెట్టుకున్నాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, పంటి నొప్పి వచ్చినవాడికి కట్టినట్టు నా చెవుల మీదుగా కట్టారు. హైమవతిగారు నవ్వు ఆపుకోవడం కనిపించింది. వినిపించలేదు.

ఆవిడ తొడ మీద చేత్తో తాళం వేస్తూ పాడటం మొదలుపెట్టారు. నాకు పెదవులు కదలడం తెలుస్తోంది, అరచెయ్యి పడటం, తిరగడం తెలుస్తోంది. చాలు కదా. ఆ చెయ్యి చూసి వాయించాను. నా దెబ్బలు మటుకు అరచేతుల్లోంచి, మోకాళ్ళలోంచి నాకు అందుతున్నాయి. మొదట్లో రెచ్చిపోయాను. ఆటలో చుక్కలుగా పెట్టినవన్నీ ఇక్కడ దించాను. ఎక్కడా సందు వదల్లేదు. ఆవిడ చెయ్యి పడే ప్రతిసారీ నా దెబ్బ దాని మీదే పడింది. అద్దం పెట్టి వెతికినా తప్పు దొరకదు.

కాసేపటికి ఆవిడ కళ్ళు మూసుకున్నారు. పల్లవినే ఇంకోలా తిప్పి ఏదో సంగతి వేస్తున్నట్టున్నారు, మెడ అటూ ఇటూ ఊగింది. ఏం సంగతో నాకు తెలీదు. మళ్ళీ అదే చోటికి వచ్చారు, మళ్ళీ చెయ్యి పడింది, మళ్ళీ కొట్టాను. పడింది, కొట్టాను. గోడ మీద క్యాలెండర్ చూశాను. కిటికీ అవతల ఎవరో ఆరేసిన దుప్పటి చూశాను. ఇంకా ఎంతసేపు అనిపించింది. చెయ్యి పడింది, కొట్టాను.

ఆపాలని అనుకోలేదు. చేతులే ఆగిపోయాయి.

ఆవిడ కంగారుగా కళ్ళు తెరిచి నాకేసి ఏదో అన్నారు. మేష్టారు వచ్చి తువ్వాలు విప్పారు. దూది తీశాను.

"నేనేమైనా తప్పు పాడానాండీ?" అంటున్నారావిడ.

"తెలీదండీ. నేను వినలేదు."

మేష్టారు నా ఎదురుగా చతికిలబడ్డారు. "తాళం తప్పావా?"

"లేదు మేష్టారూ. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు."

"మరి ఎందుకు ఆపావు?"

ఆలోచించకుండానే అన్నాను. "ఏముంది మేష్టారూ అందులో. ఊరికే కొడుతున్నట్టుంది."

మేష్టారు అటు తిరిగి, "ఎంతవరకు వచ్చావమ్మా?" అని హైమవతిగారిని అడిగారు.

"పల్లవిలోనే ఉన్నామండీ. ఇంకా పూర్తి కాలేదు," అన్నారావిడ.

నేను తల ఎత్తలేకపోయాను. ఆ నలుగురిలో వెళ్ళిపోయే ముగ్గురూ నాకు ఒక్కసారిగా బంధువులైపోయారు.

మేష్టారు నా చేతిలోంచి దూది ఉండలు తీసుకుని, మళ్ళీ విప్పదీసి, డబ్బాలో పెట్టారు. పనికొచ్చే దూది పారెయ్యరాయన. "మొదటినుంచీ పాడు తల్లీ," అన్నారు.

ఆవిడ గొంతు గొప్ప గొంతేమీ కాదు. పై స్వరాల దగ్గర కొంచెం బొంగురు పోతుంది. అయినా ఆ బొంగురులోంచే కల్యాణి వచ్చి నా ముందు కూర్చుంది. దూది తీసిన చెవులకి అది ఎలా ఉందో చెప్పలేను. నా వేళ్ళు వాటంతట అవే తేలికపడ్డాయి. ఆవిడ మాట మీద ఆగితే నేనూ ఆగాను. ఊపిరి తీసుకుంటే ఆ సందులో రెండు దెబ్బలు మెత్తగా వేశాను. ఎన్ని దెబ్బలు వేశానో, ఎన్ని మానేశానో లెక్క లేదు. ఒకచోట ఆవిడ ఒక సంగతి కొత్తగా వేసి, ఎలా ఉందన్నట్టు నాకేసి చూశారు. నేను ఎడమచేత్తో మూతని ఒత్తి, గుమ్మని ఒక్క గుమికీ ఇచ్చాను. ఆవిడ మొహం విప్పారింది. గోడ మీద క్యాలెండర్ ఉన్న సంగతే నాకు గుర్తు లేదు.

చరణం అయింది. తిరిగి పల్లవి ఎత్తుకోవాలి. ఆవిడ భయపడే చోటు అదే. నేను ముక్తాయింపు మొదలుపెట్టాను. మూడు విడతలు వాయిస్తే, మూడోదాని చివరి దెబ్బ అర అక్షరం దాటి, సరిగ్గా ఆవిడ ఎత్తుకునే చోట పడాలి.

ఆవిడ ఆగలేదు. నా ముక్తాయింపు ఇంకా చివర ఉండగానే, అర అక్షరం ముందే ఎత్తేసుకున్నారు.

నేనేం చేశానో చేశాకే నాకు తెలిసింది. మిగిలిన ముక్కని నా చెయ్యి మింగేసింది. చివరి దెబ్బ, ఉండాల్సిన చోట కాకుండా, ఆవిడ మాట మొదలైన చోటే పడింది. తాళం తరవాతి చుట్టులో పల్లవి మధ్యలో ఒక దీర్ఘం దగ్గర ఆవిణ్ణి అర అక్షరం నిలబెట్టి, దారిలోకి తెచ్చాను. వినేవాళ్ళెవరైనా ఉంటే, అది ముందే అనుకుని చేశారనుకుంటారు. తప్పు జరిగినట్టు ఆవిడకే తెలీదు.

కీర్తన పూర్తయింది. ఆవిడ చెమట తుడుచుకుంటూ నవ్వారు. "ఈసారి సరిపోయింది కదండీ ఎత్తుగడ?"

ఏం చెప్పను. సాయంత్రం రెండు వందల మంది ముందు కూర్చోబోయే మనిషి.

"చాలా బాగా పాడారండీ," అన్నాను. అది నిజం. "ఆ ఒక్క చోటు ఇంకోసారి చూసుకుందాం. కొంచెం ముందుగా ఎత్తుకున్నారు, చాలా కొంచెం. ముక్తాయింపు చివర ఎడమవైపు ఒక దెబ్బ గట్టిగా వేస్తాను. అది వినపడ్డాకే నోరు తెరవండి."

ఆవిడ మొహం ఒక్క క్షణం పాలిపోయింది, తరవాత తేటపడింది. ఆ చోటు నాలుగుసార్లు చూసుకున్నాం. మూడోసారికి పట్టుకున్నారు, నాలుగోసారి నాకేసి చూడకుండానే పట్టుకున్నారు. "హమ్మయ్య, మీరు ఇప్పుడే చెప్పబట్టి బతికిపోయాను," అని, మొహం కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళారు.

నేను మృదంగానికి గలేబు తొడుగుతున్నాను. మనసు తేలికగా ఉంది. ఇన్నాళ్ళలో ఆ పూట మొదటిసారి రుత్విక్ గుర్తు రాలేదు.

మేష్టారు రవ్వ గిన్నె మీద తడిగుడ్డ కప్పుతున్నారు. నా వైపు చూడకుండానే అన్నారు.

"తొందరపడ్డావురా. సాయంత్రం హాలు నిండా జనం ఉంటారు. అందరి ముందూ చెప్పవలసింది."

గలేబు తాడు నా చేతిలోనే ఉండిపోయింది. ఆయన గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

పెరట్లో హైమవతిగారు ఎత్తుగడ సన్నగా పాడుకుంటున్నారు. సరిగ్గా ఆగి, సరిగ్గా ఎత్తుకుంటున్నారు.

ఫోన్ తీశాను. గాజు మీద మేష్టారి వేళ్ళ రవ్వ ఎండి అంటుకుంది. గోటితో గీకి, రుత్విక్‌కి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"అన్నా, భోంచేశావా?"

లేచి అరుగు మీదికి వచ్చాను.

"తిన్నాను. ల్యాప్‌టాప్ దగ్గరుందా? నీ వీణ మోడ్‌లో నాలుగు నిమిషాలు దాటిన పాట ఒకటి పెట్టి చూడు. చివర్లో చుక్కలు ముందుకి పోతున్నాయి. నాకు రెండు వారాలుగా తెలుసు. చెప్పకపోవడం నా తప్పు."

అవతల తలుపు తీసిన చప్పుడు, కుర్చీ లాగిన చప్పుడు.

"పొడుగు పాటలు వచ్చాక తెలిస్తే కొంప మునిగేది కదన్నా," అన్నాడు. "సోమవారం లోపు సరిచేసేద్దాం. నువ్వు కూడా పక్కన కూర్చుంటావా? నా చెవికి దొరకదు."

"కూర్చుంటాను. రేపు వస్తాను." కొంచెం ఆగి అన్నాను. "అది అయ్యాక నా మృదంగం మోడ్ కూడా ఒకసారి తెరువు. పాట ఎంత వినపడుతోందో విని చెప్పు."

"పాటా?" అన్నాడు రుత్విక్, నిజంగానే తెలీక. "అందులో పాట కూడా ఉందా అన్నా?"